వంగిన రేకు

మా ఆడపడుచు నన్ను దుల్హన్ అని పిలిచేది. పెళ్లికూతురు అని. నాకు పిల్లలు పుట్టి, వాళ్లు బడికి పోతున్నప్పుడు కూడా ఆ పిలుపు మారలేదు. నేను ఆమెను ఆపా అనేదాన్ని, అక్కా అని. వికారాబాద్ నుంచి తాండూరుకు నేను కోడలిగా వచ్చింది 1969లో. తెలంగాణ ఉద్యమంతో ఏ రోజు రైలు నడుస్తుందో, ఏ రోజు ఆగుతుందో ఎవరికీ తెలియని ఏడాది అది. రైలు దిగి బయటికి రాగానే నా ముక్కుకు కాలుతున్న మాంసం వాసన తగిలింది. అది మా ఇంటి నుంచే వస్తోందని గుమ్మం దాకా పోయాక తెలిసింది.

అత్తామామలు అప్పటికే లేరు. ఇంట్లో నా భర్త, ఆయన అక్క, అంతే. ఆపాకు చిన్న వయసులోనే పెళ్లయింది, ఏడాది తిరక్కుండానే భర్త పోయాడు. పుట్టింటికి వచ్చేసింది. ఇంటి ముందు వసారాలోనే మా కబాబుల దుకాణం. మాంసం దంచడం, మసాలా కలపడం, సీకులకు, అంటే ఇనుప చువ్వలకు పట్టించడం, కాల్చడం అంతా ఆపాయే, గోనెపట్టా తెర వెనక. తెరకు ఇవతల నా భర్త రొట్టెల్లో చుట్టి మనుషులకు అందించేవాడు.

పొయ్యి మా మామగారు చేయించింది. పాత తారు డ్రమ్మును నిలువునా కోసి పడుకోబెట్టి, అందులో కట్టెకోత మిషను దగ్గర పారబోసే పొట్టును దట్టించి నిప్పు పెట్టేవాళ్లం. మంట నేరుగా మాంసానికి తగలకుండా మధ్యలో ఒక ఇనుప రేకు, దాని మీద సీకులు. రేకు ఒక పక్కకు వాలుగా ఉండేది. మాంసం నుంచి కారిన కొవ్వు ఆ వాలున జారి చివరన తగిలించిన డబ్బాలో పడేది. బండ్లవాళ్లు దాన్ని ఇరుసులకు రాసుకోవడానికి అడిగి పట్టుకుపోయేవారు.

కానీ రోజూ మంట మీద ఉండే రేకు చదునుగా ఉంటుందా? నాలుగు మూలలా బోల్టులు బిగించి ఉండటంతో అది వేడికి మెలితిరిగి నడుమ గుంట పడేది. కొవ్వు డబ్బా దాకా పోకుండా ఆ గుంటలో నిలిచేది. ముందు నల్లటి పొగ, ఆ తర్వాత భగ్గుమని మంట. నా భర్త రేకు విప్పి, వాకిట్లో బండ మీద వేసి సుత్తెతో సాపు చేసేవాడు. నాలుగు రోజులకు మళ్లీ అదే కథ.

బషీరాబాద్ వైపు నాపరాళ్ల గనిలో పనిచేసే ఒక మేస్త్రి మా దగ్గర తినడానికి వచ్చేవాడు. భార్య పోయిన మనిషి. ఒకరోజు తెర వైపు చూస్తూ, "ఇయ్యాల ఉప్పు జర తక్కువైంది భాయ్" అన్నాడు.

"నోట్ల రాతిదుమ్మున్నట్టుంది. కడుక్కొని తినుమను" అంది ఆపా లోపలి నుంచి, తమ్ముడితో అన్నట్టుగా.

అతను పెద్దగా నవ్వాడు. నిజంగానే లేచి నోరు పుక్కిలించి వచ్చి తిన్నాడు. ఆ తర్వాత వచ్చినప్పుడల్లా ఏదో ఒక వంక పెట్టేవాడు, ఆపా ఒక చురక అంటించేది. కొన్ని నెలలకు అతను ఫుప్పు అని పిలిచే మేనత్త మా ఇంటికి వచ్చి సంబంధం అడిగింది. బక్రీదు దాటాక నికా అనుకున్నాం. ఆపాకు నేను కొత్త బట్టలు కుట్టాను. ఆమె ఆకుపచ్చ గాజులు కొనుక్కుని, పెళ్లి దాకా ఆగలేక వేసేసుకుంది.

అది సంత రోజు. రేకు అప్పటికే బాగా వంగి ఉంది. పొద్దున్నే ఆపా పోరు పెట్టింది.

"సంత గడవని ఆపా. రేపు కమ్మరాయన దగ్గరికి తీస్కపోత" అన్నాడు నా భర్త.

"గిట్లనే అనుకుంట ఎన్ని సంతలు గడిపితివిరా?"

మధ్యాహ్నం జనం బాగా ఉన్నప్పుడు గుంటలోని కొవ్వు అంటుకుంది. మాంసం మాడిపోతుందని ఆపా సీకులు తీయబోయింది. ఒక బోల్టు ఊడి రేకు ఒరిగింది. మండుతున్న కొవ్వంతా ఆమె కుడిచేతి మీదకు వచ్చింది. ఓణీ అంటుకుంది. నేను బిందె ఎత్తాను. "నీళ్లు వద్దు దుల్హన్, పొయ్యిల పడితే కొవ్వు ఎగిసి ఇల్లు అంటుకుంటది!" అని ఆపా అరిచింది. తాను కాలుతూ ఆ మాట అంది. నేను బిందె వదిలేసి గోనెపట్టా తెరను పీకి ఆమెకు చుట్టేశాను. అన్నేళ్లు తెర వెనక ఉన్న మనిషిని ఆ రోజు సంత జనమంతా చూశారు.

ఆసుపత్రిలో ముందు ఆ గాజులు పగలగొట్టారు. పుండ్లు మానేసరికి కుడిచేతి వేళ్లు లోపలికి ముడుచుకుపోయాయి. మేనత్త పరామర్శకు వచ్చి, ఆపా చేతిని చూసి, చాయ్ తాగి, "అల్లా ఎట్ల రాస్తే గట్ల" అని వెళ్లింది. మళ్లీ రాలేదు.

మేస్త్రి మాత్రం వచ్చాడు. గుమ్మం బయటే నిలబడ్డాడు. "మా ఫుప్పు మాట పక్కకు పెట్టు భాయ్. నాకు చేతితోని పని లేదు. అనుకున్నట్టే చేద్దాం" అన్నాడు.

నా భర్త సంతోషంగా లోపలికి చూశాడు. ఆపా మంచం మీద కూర్చుని ఉంది. "వద్దను" అంది. తమ్ముడు కదలకపోతే తానే గట్టిగా, "నాకిష్టం లేదు, పొమ్మను" అంది. అతను వెళ్లిపోయాడు. ఆపా గోడ వైపు తిరిగి పడుకుంది. భుజాలు కదులుతుంటే నాకు తెలిసింది.

నాకు కోపం వచ్చింది. "ఎందుకట్ల అన్నవ్ ఆపా?" అని అడిగాను.

"ఆయన మంచోడు దుల్హన్. ఇయ్యాల నన్ను చూసి పరేషానయ్యి వచ్చిండు. గా పరేషాన్ తగ్గినంక నా ముఖం ఎట్ల చూస్తడు? నేనెట్ల చూడాలె?"

నేను దుప్పటి ఆమె భుజాల మీదికి లాగాను.

నా భర్త పొయ్యిని పెరట్లో పడేసి, రాళ్లు సాపు చేసే మిషను మీద కూలికి పోవడం మొదలుపెట్టాడు. అక్క ముందు తలెత్తేవాడు కాదు. వానాకాలం అంతా అలాగే గడిచింది. చివరికి ఆపాయే, "తుప్పు పట్టనిస్తవా మన అబ్బా చేయించిన పొయ్యిని? పో, బాగు చేయించుకరా" అని తరిమింది. నన్నూ వెంట పంపింది.

కమ్మరాయన రేకును అటూ ఇటూ తిప్పి చూశాడు. "నాలుగు దిక్కుల బిగిస్తే వేడికి ఇనుము యాడికి సాగుతది భాయ్? ఒక్క దిక్కే బోల్టు పెట్టు, కడమ మూడు దిక్కుల ఊరికె ఆనించు. రైలు పట్టాల నడుమ సందు ఇడుస్తరు, జూడలే?"

నా భర్త తిరుగుదారిలో లెవెల్ క్రాసింగ్ దగ్గర ఆగిపోయాడు. వంగి ఆ సందులోకి చూశాడు. "పుట్టినకాడికెల్లి గీ పట్టాల పక్కనే ఉన్నం. ఎన్నడు సూడలే" అంటూ అక్కడే కంకర మీద కూలబడి ఏడ్చాడు. గేటు దగ్గర ఆగిన బండ్లవాళ్లు చూస్తున్నారు. నేను ఆయన పక్కన కూర్చున్నాను.

మందపాటి కొత్త రేకు వేయించాం, వాలు పెంచాం. రోజూ చల్లారాక బూడిదతో తోమి, కొవ్వు కారే దారిని గీకి శుభ్రం చేసేదాన్ని. అది మళ్లీ గుంట పడలేదు. ఆపా స్టూలు మీద కూర్చుని నాకు నేర్పింది. ఎడమచేత్తో మాంసాన్ని పట్టి చూసి, "ఇంక జర దంచు" అనేది. తెర మళ్లీ కట్టలేదు. ఆమె వద్దంది. మేస్త్రి వేరే పెళ్లి చేసుకున్నాడని, బిడ్డ పుట్టిందని ఎవరో చెబితే, "మంచిదాయె" అంది. ఆ రోజు అన్నం తినలేదు.

ఎనభైల మొదట్లో కామెర్లు వచ్చి ఎండాకాలంలో ఆపా పోయింది. మందులు తెచ్చాం, పసరు పోయించాం, ఏదీ పట్టలేదు. అప్పటికి ఆమెకు నలభై కూడా దాటినట్టు లేదు.

కొన్నాళ్లకు ఎడ్లబండి ఒకటి మా ఇంటి ముందు ఆగింది. బండిలో సమాధి రాయిలా నున్నగా చేసిన నాపరాయి ఉంది, దాని మీద చిన్న పిల్ల కూర్చుంది. మేస్త్రి బండి దిగి, "ఆమె ఖబర్ మీద పెట్టనీకి తీస్కపోతున్న. భాయ్‌ని అడగకుండ పెట్టొద్దని ఆగిన" అన్నాడు. జుట్టు నెరిసిపోయింది. నా భర్త అతని చెయ్యి పట్టుకున్నాడు.

కూర్చోమని చెప్పి, తినమన్నాను.

"నాకొద్దమ్మా. బిడ్డకు పెట్టుండ్రి" అన్నాడు.

పిల్ల మా గడప మీద కూర్చుని ఆవురావురుమని తింది. అతను వీపు మా వైపు పెట్టి, బండి దగ్గరే ఎద్దు మెడ నిమురుతూ నిలబడ్డాడు. పిల్ల చేతులు కడిగి, ఎత్తి రాయి మీద కూర్చోబెట్టాను. నా భర్త కూడా బండెక్కాడు. బండి ఖబరస్థాన్ దారి పట్టింది.