కర్లిగాష్‌ను అడగని వియ్యంకుడు

మా బావగారి పేరు నేను రాయను. ఆయన తమ్ముణ్ణి కట్టుకుని ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచి నా నోట ఆ పేరు రాలేదు. ఆయన పోయి ఇన్నేళ్లయినా రాదు. కోడలన్నాక పెద్దవాళ్ల పేరు పలకకూడదు. కావలసినవాళ్లు గుట్ట మీద సమాధి రాయి చదువుకోవచ్చు. ఊళ్లో అందరూ ఆయన్ని తాజీల ముసలాయన అనేవారు. ముసలితనం రాకముందు నుంచీ అలాగే అనేవారు.

నిమిషం కుదురుగా కూర్చునే మనిషి కాదు. టీ గిన్నె చేతికిస్తే అది పట్టుకుని గుమ్మం దాకా పోయి కొండ వైపు చూసి వచ్చేవాడు. మాంసం ఉడికేలోపు పదిసార్లు లేచేవాడు. ఆయన భార్య కూతురికి ఐదేళ్లప్పుడే పోయింది. మా రెండిళ్లకీ మధ్య నడుమెత్తు మట్టిగోడ ఒక్కటే అడ్డం, పొయ్యి మాత్రం నాదే. కాబట్టి ఆ మనిషి తిరుగుడంతా నా వంటింట్లోనే జరిగేది. కాళ్లకు అడ్డం పడుతున్నారు బావగారూ అని ఎన్నిసార్లన్నానో లెక్కలేదు.

ఆయనకు ఉన్నది ఒక్క కుక్క, కర్లిగాష్. వానకోయిల అని అర్థం. తండ్రి తాతల నుంచి వస్తున్న తాజీ వేటకుక్కల వంశంలో మిగిలింది అదొక్కటే.

కుక్కలన్నీ ఒకటే అనుకునేవాళ్లతో నేను మాట్లాడను. మందల దగ్గర ఉండే తోబెత్ దూడంత ఉంటుంది. ఎవరు పెట్టినా తింటుంది, గాలి కదిలినా మొరుగుతుంది, తన వాకిలి దాటి పది అడుగులు వెయ్యాలంటే ఆలోచిస్తుంది. మా ఆయన అలాంటివాడే, మంచివాడు. మా ఉమ్మడి వ్యవసాయ క్షేత్రంలో పశువుల డాక్టరు స్తెపాన్ దగ్గర ఇంకో రకం ఉండేది, వాళ్ల దేశం నుంచి తెచ్చుకున్నాడు. ముక్కు నేలకు రాసుకుంటూ, కుందేలు పొద్దున పోయిన దారిలో మధ్యాహ్నం పోతూ, పోయినంత దూరమూ గోల పెట్టేది. ఎవరు ఈల వేసినా తోక ఊపుకుంటూ వచ్చేది. దాన్ని చూసి మా బావగారు జాలిపడేవాడు.

తాజీ దారి వేరు. మొరగదు. పరాయివాడి చేతి ముక్క ముట్టదు. ఇంట్లో పరుపు మీద పడుకుంటుంది, పాత కోటు కప్పకపోతే మనల్నే చూస్తూ కూర్చుంటుంది. ఒక దెబ్బ కొడితే ఏడాది మొహం చూపించదు. పైగా అది కంటితో పరిగెత్తే జంతువు, ముక్కును నమ్మదు. నక్క కంటికి ఆనుతున్నంతసేపు గుండె పగిలినా ఆగదు. నక్క గట్టు దాటి కనుమరుగైతే మాత్రం అక్కడే నిలబడిపోతుంది. నాలుగు వైపులా చూస్తుంది, సిగ్గుపడ్డట్టు తల దించుకుని ఇంటికి వచ్చేస్తుంది.

ఇంకొక సంగతి. పరిగెత్తించని తాజీ బతకదు. తిండి మానేస్తుంది, కాళ్లు కొరుక్కుంటుంది, రెండు చలికాలాల్లో పోతుంది.

మా బావగారు గుర్రం మీంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఎముక వంకరగా అతుక్కుంది, మళ్లీ జీను ఎక్కలేదు. అప్పటి నుంచి కర్లిగాష్‌ను తిప్పింది కూతురు కమ్షాత్. తెల్లారకముందే తండ్రి ఎర్రగుర్రం ఎక్కి, కుక్కను వెంటబెట్టుకుని వెళ్లి, ఊరు లేచేసరికి తిరిగి వచ్చేది. ఆడపిల్ల వేటకు పోతోందని ఊరందరికీ తెలుసు. తెలియనట్టు ఉండటం కూడా అందరికీ తెలుసు. రెండేళ్లకు కుక్క ఆ పిల్ల చేత్తో తప్ప తినడం మానేసింది.

కమ్షాత్‌కు పందొమ్మిది నిండాక కనుమ అవతలి ఊరి సంబంధం కుదిరింది. పెళ్లికొడుకు యెర్మెక్ ట్రాక్టరు నడిపేవాడు, నెమ్మదస్తుడు. పిల్ల ఇష్టపడే చేసుకుంటోంది, అందులో బాధేం లేదు. మా బావగారికి నిద్రపట్టనివ్వనిది ఒక్కటే: పిల్ల వెళ్లిపోతే కుక్క చచ్చిపోతుంది. పిల్లతో పాటు కుక్కా వెళ్లాలి.

ఇచ్చి పంపితే పోలేదా అనకండి. మాలో తాజీని అమ్మరు. అడగకుండా ఇవ్వరు కూడా. అడగకుండా ఇచ్చిన తాజీలో ఏదో లోపం ఉందంటారు. సారెలో పెట్టి పంపితే ఇంటి అదృష్టాన్ని తోలేసినట్టు. ఒక్కటే దారి ఉంది. కొత్త వియ్యంకుడు మొదటి విందులో ఒక కోరిక కోరవచ్చు, అది గుర్రమైనా తుపాకీ అయినా కాదనకూడదు. ఆ ఒక్క కోరికగా అతను కర్లిగాష్‌ను అడగాలి.

ఊరంతా అనుకున్నది మాత్రం తలకిందులుగా. వియ్యంకుడు కుక్కను అడిగేస్తాడని ముసలాయన బెంగపడుతున్నాడు, పాపం, అన్నారు. దాచిపెట్టమని సలహా ఇవ్వడానికి ఇద్దరు పనిగట్టుకుని వచ్చారు. నిజం నాకొక్కదానికే చెప్పాడు, అదీ నా వంటింట్లో అటూ ఇటూ తిరుగుతూ.

"అడుగుతాడంటావా అమ్మాయ్?"

"కళ్లుంటే అడుగుతాడు" అన్నాను.

వియ్యంకుడు సెర్కెబాయ్ నవంబరు మొదట్లో పిల్లను తీసుకుపోవడానికి పదిమందితో దిగాడు. పెద్ద పొట్ట, పెద్ద గొంతు. తాజీలు కనబడని గోధుమపొలాల వైపు పుట్టి పెరిగినవాడు. మా ఆడవాళ్లం ఆనవాయితీ ప్రకారం అతని మొహానికి పిండి పూశాం, కూర్చున్న పరుపుకి కోటు అంచు కలిపి కుట్టేశాం. లేవబోయి పరుపుతో సహా లేచి అందరికన్నా ముందు తనే నవ్వాడు. అక్కడికి నాకు కొంచెం నచ్చాడు.

కర్లిగాష్‌ను మేమే కావాలని విందు గదిలో, అతనికి ఎదురుగా పడుకోబెట్టాం. అది కళ్లు సగం మూసి, పొడుగాటి మూతి ముందరి కాళ్ల మీద పెట్టుకుని, పదిమంది మనుషులు గదిలో లేనట్టే పడుకుంది. మా వైపు ఎవరూ తన తాజీని మెచ్చుకోరు. దిష్టి తగులుతుంది, పైగా బేరానికి పెట్టినట్టు ఉంటుంది. ఎంత మంచి కుక్క అయితే అంత తిడతారు. వినేవాడు ఆ తిట్టు తిరగేసి అర్థం చేసుకుంటాడు. కాబట్టి మా బావగారు మొదలుపెట్టాడు. ఇది ఒట్టి సోమరిదన్నాడు. కుందేలు పక్కనుంచి పోయినా లేవదన్నాడు. దీని తల్లి కూడా ఇంతే, తిండి దండగ అన్నాడు. అలా తిట్టడం నేనెన్నడూ వినలేదు, కళ్లు చెమర్చేంత గొప్పగా తిట్టాడు. మా వైపు ముసలివాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంతలా తిడుతున్నాడంటే ఆ కుక్క ఎలాంటిదో అని.

సెర్కెబాయ్ ప్రతి తిట్టునూ ఉన్నదున్నట్టే నమ్మాడు.

ఎముక ఒకటి విసిరి చూశాడు. కర్లిగాష్ దాని వంకైనా చూడలేదు. చప్పట్లు కొట్టాడు, చెవి కూడా కదపలేదు. "పాపం వియ్యంకుడా, దీన్ని ఎన్నాళ్లని మేపుతావు? మా ఇంట్లో తోబెత్ ఉంది, తోడేలు మెడ విరిచింది. దాని పిల్లనొకటి పంపుతాలే" అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. అదే నాకు ఒళ్లు మండించింది.

వియ్యం కలిసినందుకు గుర్తుగా కాలేయం ముక్క, గొర్రెతోక కొవ్వు ముక్క వియ్యంకుల నోట్లో పెట్టాక, సెర్కెబాయ్ మూతి తుడుచుకుని తన కోరిక చెప్పాడు. ఎర్రగుర్రాన్ని అడిగాడు.

మా బావగారి మొహంలో ఏమీ కదల్లేదు. మంచి కోరిక వియ్యంకుడా, నీదే అన్నాడు. ఆ సాయంత్రమే వాళ్ల కుర్రాళ్లు గుర్రం ఎక్కి వెళ్లిపోయారు. ఆయన నా వంటింట్లోకి వచ్చి నిలబడ్డాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచాడు.

ఇంకో మార్గం ఏమైనా ఉందా అని అడిగాను. ఉంది, కానీ అది మన చేతిలో లేదు, కుక్క కాళ్లలో ఉంది అన్నాడు. మా లోయలో ముసలివాళ్ల మాట ఒకటుంది: పెళ్లికూతురి బండి వెంట తనంతట తానే కనుమ దాటి వచ్చిన జంతువును వెనక్కి తోలకూడదు, అది పిల్లతో పాటే. కానీ పిలవకూడదు, కట్టి లాక్కుపోకూడదు. పిల్ల వెనక్కి తిరిగి చూడకూడదు, అది వేరే నియమం. ఊరి నుంచి కనుమ ఎత్తు మొదలయ్యేదాకా ఎనిమిది కిలోమీటర్ల చదునైన నేల. బండి కనబడుతున్నంతసేపు కర్లిగాష్ పరిగెడుతుంది. కనుమ దాటి బండి అవతలికి దిగిందా, కనబడదు. ఆ లోపల అది దగ్గరికి చేరుకోవాలి.

"బండి వెనక చెక్క పక్కన కూర్చో. నీకు వెనక్కి చూడొద్దన్న నియమం లేదు కదా" అన్నాడు.

పిల్లను దిగబెట్టడానికి ఇంటి కోడలు వెంట వెళ్లాలి, అది నేనే. మర్నాడు పొద్దున లారీ వెనక పెట్టెలూ పరుపులూ, వాటి మీద కమ్షాత్, పెళ్లికొడుకు, వాళ్ల ఆడవాళ్లు ఇద్దరు, చెక్క పక్కన నేను. ముందు గదిలో డ్రైవరు, సెర్కెబాయ్. పిల్ల తెల్లటి శాలువా కప్పుకుని ముందుకే చూస్తూ కూర్చుంది. ఒళ్లో రెండు పిడికిళ్లూ బిగించి ఉన్నాయి.

ఊరు దాటి చాలాసేపు ఏమీ రాలేదు. మా మట్టి ఇంటి కప్పు మీద మనిషి ఒకడు పుల్లలా కనబడుతున్నాడు. కాలు సరిగ్గా లేనివాడు నిచ్చెన ఎలా ఎక్కాడో. ఆ తర్వాత దుమ్ములో సన్నటి గీతొకటి విడిపోయి మా వైపు సాగింది.

"వస్తోందా పిన్నీ?" పిల్ల తల తిప్పలేదు.

"వస్తోంది. దూరం ఉంది."

విప్పడం ఆలస్యమైంది, ఎందుకో తర్వాత తెలిసింది, ఆ నిచ్చెన ఎక్కి పైనుంచి తాడు వదలడానికే అంతసేపు పట్టిందట. లారీ వేగంగా పోతోంది. నేను నా ఒంటె ఉన్ని రుమాలు విప్పి గాలికి వదిలేశాను. మా అమ్మ అల్లింది. పోయింది పోయింది అని రేకు మీద బాదాను. లారీ ఆగింది, యెర్మెక్ దిగి తెచ్చాడు. ఆ కాసేపట్లో గీత కాస్తా కుక్క అయింది.

మళ్లీ రెండు కిలోమీటర్లు పోయాక కడుపులో తిప్పుతోందన్నాను. దిగి రోడ్డు పక్కన వంగి ఎంతసేపు నిలబడగలనో అంతసేపూ నిలబడ్డాను. సెర్కెబాయ్ కిటికీలోంచి తల పెట్టాడు. "వియ్యపురాలా, కొవ్వు కాస్త తక్కువ తినాల్సింది."

"మీరు మిగల్చలేదుగా తినడానికి" అన్నాను. నవ్వాడు, కానీ ఇక కనుమ దాకా ఆపేది లేదని డ్రైవరుతో చెప్పేశాడు.

ఎత్తు మొదలైంది. కర్లిగాష్ అర కిలోమీటరు వెనక ఉంది. దాని నడుము చేపలా వంగి సాగుతోంది, నాలుగు కాళ్లూ ఒకేసారి గాల్లో ఉన్నట్టు కనబడుతోంది. కానీ లారీ మలుపు తిరిగినప్పుడల్లా పెట్టెలూ రాళ్లూ అడ్డం వస్తున్నాయి, అది తల ఎత్తి వెతుక్కుంటోంది. ఇదీ గొడవ, దూరం కాదు. కనబడటం లేదు. పిలవబోయి నోరు మూసుకున్నాను.

"దానికి నువ్వు కనబడటం లేదే" అన్నాను పిల్లతో. ఇంకేమీ అనలేదు.

కమ్షాత్ లేచి నిలబడింది.

కదులుతున్న లారీలో, పెట్టె మీదికి ఎక్కి, ముందు గది కప్పు పట్టుకుని నిటారుగా నిలబడింది. వెనక్కి తిరగలేదు. తెల్ల శాలువా తల మీంచి ఎగిరి మొత్తం వెనక్కి సాగింది. పెళ్లికొడుకు వైపు ఆడవాళ్లు నోళ్లు నొక్కుకున్నారు. కొత్త కోడలు అలా నిలబడితే ఏమంటారో నాకు తెలుసు, ఏళ్ల తరబడి అంటారు. సెర్కెబాయ్ తల బయట పెట్టి కూర్చోమన్నాడు. వినపడనట్టు ఊరుకుంది. గట్టిగా కూర్చోమన్నాడు. యెర్మెక్ తండ్రి వంక చూశాడు, భార్య వంక చూశాడు. తర్వాత పెట్టె జారకుండా రెండు చేతులా పట్టుకున్నాడు. ఆ కుర్రాడి మీద నాకు అప్పుడు నమ్మకం కుదిరింది.

లారీ కనుమ దాటి దిగడం మొదలుపెట్టింది. మా ఊరు మునిగింది, ఇంటి కప్పు మునిగింది, అటువైపు నుంచి చూస్తే ఆఖరికి ఆ శాలువా కూడా మునిగే ఉంటుంది. వెనక ఒట్టి ఆకాశం. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను. నాకు అంకెలు బాగానే వచ్చు. ఇరవై మూడు దాకా వచ్చాను.

ముందు చెవులు కనబడ్డాయి. తర్వాత కర్లిగాష్ మొత్తం గట్టు మీద ఆగి, ఒక్కసారి చూసి, రాళ్ల మీంచి మా మీదకు జారినట్టు దిగింది.

సెర్కెబాయే లారీ ఆపించాడు. దిగి నిలబడి చూశాడు. కుక్క అతని మోకాలి పక్కనుంచే, అతనొక గుంజ అన్నట్టు, వెళ్లి వెనక చెక్క మీదికి దూకింది. పిల్ల కాళ్ల మధ్య తల దూర్చింది.

"ఇది ఆ నిద్రమొహందేనా?"

"అదే. సోమరిది. కుందేలు పక్కనుంచి పోయినా లేవదు" అన్నాను.

అతను టోపీ తీసి తల గోక్కున్నాడు. ఆ తిట్లన్నీ ఒక్కొక్కటే తిరగేసుకుంటున్నాడని మొహంలోనే తెలుస్తోంది. ఇప్పుడు కోరిక మార్చుకోవచ్చా అని మెల్లగా అడిగాడు. మార్చుకోకూడదు, అడిగింది గుర్రాన్ని, అది మీ పాకలో ఉంది, ఇది పిల్లతో వచ్చింది, పిల్లదే అని చెప్పాను. వేటకు తీసుకుపోవాలంటే ఎవరినడగాలి అన్నాడు. మీ కోడల్ని అన్నాను. అతను టోపీ మళ్లీ పెట్టుకున్నాడు. తర్వాత పెట్టె మీంచి దిగమని కోడలితో అన్నాడు, ఈసారి గట్టిగా కాదు.

మూడు రోజులుండి పాల లారీలో తిరిగి వచ్చాను. ఊరి మొదట్లో బావగారు రోడ్డు మీదే ఉన్నాడు, నాలుగడుగులు ఇటు, నాలుగడుగులు అటు. నేను లేని రాత్రుల్లో మంచు కురిసింది. ఆ మంచులో ఆయన కుంటి అడుగులే ఒక బాట పడి ఉన్నాయి. నేను దిగీ దిగక ముందే అడిగాడు.

"ఆయాసం తీరకముందు నీళ్లు తాగనిచ్చారా?"

అంత పరుగు మీద నీళ్లు పడితే తాజీ గుండె ఆగుతుంది. లేదన్నాను. మీ అమ్మాయి లారీ దిగి అరగంట నడిపించింది, అంతసేపూ సెర్కెబాయ్ బండి నిలబెట్టుకుని రోడ్డు మీదే చూస్తూ ఉన్నాడు, తర్వాతే నీళ్లు పెట్టింది అన్నాను.

"పాదాలు?"

"ఒకటి చీలింది. కొవ్వు రాసింది."

తల ఊపాడు. కొండ వైపు చూశాడు. ఆ తర్వాతే ఇంకోటి అడిగాడు.

"పిల్ల ఏడ్చిందా?"

"లేదు బావగారూ. నిలబడింది."

ఎలా నిలబడిందో చెప్పమన్నాడు. రోడ్డు మీదే, ఆ చలిలో, నా మూట దించకుండానే చెప్పాను. అయిపోయాక మళ్లీ మొదటి నుంచి చెప్పమన్నాడు.