గీత దాటిన బంతి

నయా రాయపూర్‌లో మా ఫ్లాటు ముందు రోడ్డు మీద మనుషుల కంటే చెట్లే ఎక్కువ. ఎవరో పెద్దాయన వస్తున్నాడని నిన్న పొద్దున ఆ చెట్ల మొదళ్ళకు సున్నం కొట్టారు. బకెట్లో సున్నం మీద నీళ్ళు పడగానే లేచే ఆ వేడి ఆవిరి, గొంతులో గరగరలాడే ఆ ఘాటు నాలుగో అంతస్తు దాకా నిజంగా వచ్చాయో, నాకే వచ్చినట్టనిపించిందో గానీ, టీ కప్పు పక్కన పెట్టి కిటికీ ధడాలున మూసేశాను. "సున్నం మీద కోపమేంటమ్మా!" అని మా అమ్మాయి నవ్వింది. నా కోపం సున్నం మీద కాదు.

మా చిన్నప్పుడు పాత రాయపూర్‌లోని డబ్ల్యూఆర్ఎస్ రైల్వే కాలనీలో దసరా వస్తోందంటే ముందు సున్నమే వచ్చేది. వ్యాగన్లు బాగుచేసే వర్క్‌షాపులో మా నాన్న ఫిట్టరు. ఆ క్వార్టర్లలో సగం మందిమి శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన వాళ్ళమే. వానలు వెనకబట్టగానే వీధి చివర గొయ్యి తవ్వి, సున్నపురాళ్ళు పోసి, బిందెలకొద్దీ నీళ్ళు కుమ్మరిస్తే అది బుసబుసా పొంగి కుతకుత ఉడికేది. ఇళ్ళల్లో బెల్లం పోకుండలు నూనెలో వేగుతుంటే, పిల్లలం ఇక్కడ తీగకు బంగాళాదుంపలు గుచ్చి ఆ గోతిలో దించి, ఉడికాక తోలు ఒలిచి ఉప్పద్దుకుని తినేవాళ్ళం. ఒకసారి ఒక కోడిపిల్ల అందులో పడింది. తీసేలోపే అయిపోయింది. "సూసినారా? సున్నానికి నీల్లు తగిల్తే మనిసైనా ఉడికిపోతాడు" అని నాన్నమ్మ మా చెవులు మెలిపెట్టింది. ఆ మాట నాకు ఎక్కాల కంటే గట్టిగా వచ్చేసింది.

దెబ్బ తినకుండా పెరిగిన పిల్ల ఆ కాలనీలో లేదు. నాన్న బెల్టు తీసేవాడు, మాస్టారు డస్టరు విసిరేవాడు, కబడ్డీలో ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళను రాళ్ళతో తరిమేవాళ్ళు. నా మీద చెయ్యెత్తనివాడు చిన్నాన్న గౌరీశు ఒక్కడే, ఆ బలమంతా బంతి కోసం దాచుకునేవాడు. నాన్నకు ఆఖరి తమ్ముడు, కాలేజీ వాలీబాల్ జట్టులో ఆడేవాడు. ఆయన కొట్టిన బంతికి ఒకడి పన్ను ఊడితే, దాన్ని వెతికి కాగితంలో చుట్టి వాడి చేతికిచ్చి, వెళ్ళి మళ్ళీ సర్వీసు చేశాడు. ఆ ఆట వల్లే రైల్వేలో ఆటగాళ్ళ కోటాలో ఎంపికయ్యాడు. దసరా వెళ్ళాక డాక్టరు పరీక్ష ఒక్కటే మిగిలింది, అందులో ముందు చూసేది కళ్ళే. "మెడికలయ్యీదాకా బాలు ముట్టుకున్నావంటే నాను మనిసిని కాను" అని నాన్న ఆయన బూట్లు ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేశాడు.

తాళంచెవి బియ్యం డబ్బాలో ఉంటుందని నాకు తెలుసు. అష్టమి నాడు మా మైదానంలోనే ఊళ్ళోని ఇంకో కాలేజీతో మ్యాచ్. చిన్నాన్న నన్నేమీ అడగలేదు, గుమ్మంలో కూర్చుని తన ఉత్త కాళ్ళకేసి చూసుకుంటున్నాడు, అంతే. నాకే ఆగలేదు. గంప అడుగున బూట్లు పెట్టి, పైన పోకుండల గిన్నె పెట్టి, గుడ్డ కప్పి మైదానానికి మోసుకుపోయాను.

ఆ ఏడాదే ఆటలో కొత్త నియమం వచ్చింది. వల రెండు చివర్లా నిలువుగా కట్టే పుల్లలను ఆంటెనాలంటారు. అంతకుముందు బంతి వాటికి బయటగా అవతలి వైపు దాటిపోయిందంటే పాయింటు పోయినట్టే. ఇకమీదట అలా కాదట, అవతలి కోర్టులో కాలు పెట్టకుండా పక్కనుంచి పరిగెత్తి, పోయిన దారినే బంతిని వెనక్కి కొడితే ఆట సాగుతుందట, వెంటపడ్డవాణ్ణి ఎవరూ అడ్డుకోకూడదట. రిఫరీ ఇదంతా మైకులో రెండుసార్లు చదివాడు. ఎవడు విన్నాడు! మా మైదానంలో సున్నం గీతకు బొటనవేలు ఆనించి కూర్చోవడమే ఆనవాయితీ, గోనెసంచులు, నులకమంచాలు, చంటిపిల్లల తల్లులు అంతా గీత పక్కనే.

ఆఖరి సెట్టులో మావాడు తీసిన బంతి పక్కకు చిట్లి, ఆంటెనా బయటగా అవతలికి ఎగిరిపోయింది. చిన్నాన్న దాని వెంటపడ్డాడు. అవతలి కాలేజీ వాళ్ళకు ఒకటే అర్థమైంది, శత్రువు తమ వైపు దూరాడని. "అరే, ఇధర్ కహాఁ ఘుస్ రహా హై!" అంటూ ఒకడు చేతులు చాచి అడ్డం నిలబడ్డాడు. చిన్నాన్న ఆగలేదు. తల వంచుకుని కుమ్మితే వాడి ముక్కు పగిలి రక్తం తెల్లటి గీత మీద చిమ్మింది. పడుతూ పడుతూనే చిన్నాన్న పిడికిలితో బంతిని లేపాడు, అది పోయిన దారినే మా వైపు తిరిగొచ్చింది. కానీ దాన్ని అందుకునేవాడు లేడు. అప్పటికే రావణుడి బొమ్మ కోసం తెచ్చి పడేసిన వెదురుబొంగులు అందరి చేతుల్లోకీ వచ్చేశాయి.

బొంగులు నెత్తిన విరిగే ఆ ఫట్‌ఫట్‌మనే చప్పుడు ఇప్పటికీ టపాకాయల్లో వినపడుతుంది నాకు. మా పక్కింటాయన మోచెయ్యి వెనక్కి తిరిగిపోయింది, పడిపోయినవాళ్ళ వేళ్ళ మీద బూట్లతోనే నడిచారు, నా పోకుండలు మట్టిలో నెత్తురులో నలిగిపోయాయి. ఆ గొడవలో ఎవడో గీతలు గీసే సున్నం డబ్బాలో చెయ్యి ముంచి గుప్పెడు పొడి చిన్నాన్న మొహాన కొట్టాడు. ఎడమకన్ను నిండా పడింది. అంత మనిషీ మోకాళ్ళ మీద కూలబడి, కన్ను పొడుచుకుంటున్నట్టు రుద్దుకుంటూ గావుకేక పెట్టాడు.

గట్టున శనగలమ్ముకునే ఛత్తీస్‌గఢీ ఆవిడ కుండెడు నీళ్ళతో పరిగెత్తుకొచ్చి, "పానీ డారవ, పానీ!" అంటూ ఆయన మొహం మీద వంచబోయింది. నాకు కోడిపిల్ల కనపడింది. "వొద్దు! నీల్లు తగిల్తే ఉడికిపోతాది!" అని అరిచి ఒక్క గెంతులో కుండను తన్నాను. భళ్ళున పగిలింది. గొడవ విని వచ్చిన నాన్న నన్ను కసరలేదు సరికదా, "పిల్ల నిజివే సెప్పింది, నూని తెండి" అన్నాడు. ఎవరింట్లోంచో కొబ్బరినూనె తెచ్చి కంట్లో పోసి, గుడ్డ కట్టి, రిక్షా ఎక్కించారు.

"వెంటనే నీళ్ళతో కడిగుంటే కన్ను దక్కేది" అన్నాడు డాక్టరు. తలుపు పక్క నిలబడి విన్నాను. కన్ను పోయింది, దాంతోపాటే ఉద్యోగం పోయింది. బూట్ల సంగతి బయటపడి నాన్న నా వీపు చిట్లేలా బాదాడు. కుండ సంగతి మాత్రం ఇంట్లో ఎవరూ, ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తి ఇంకో నాలుగు తన్నినా బాగుండేది.

ఇప్పుడు గీతలంటే రబ్బరు చాప మీద అతికించే టేపు. మొన్న మా అమ్మాయి కాలేజీలో మ్యాచ్ చూశాను, ఒక కుర్రాడు బంతి వెంట అవతలికి పరిగెడితే అక్కడున్నవాళ్ళు చకచకా తప్పుకుని దారిచ్చారు. అది చూసి జనంలో కూర్చుని ఏడ్చాను, సిగ్గు లేకుండా. సున్నపు గొయ్యి లేదు, దుంపలు లేవు, నాన్నమ్మా నాన్నా లేరు.

కిటికీ మూసిన చేత్తోనే స్కూటీ తాళం తీసుకుని దగ్గర్లోని అభన్‌పూర్ వెళ్ళాను. చిన్నాన్నకు అక్కడ సైకిల్ షాపుంది. గాలి కొట్టిన ట్యూబును నీళ్ళ తొట్టెలో ముంచి, బుడగలెక్కడ లేస్తాయా అని ఉన్న ఒక్క కంటితో వెతుకుతున్నాడు.

"సిన్నానా, ఆ రోజు కుండ తన్నింది నానే" అన్నాను.

"తెలుసునే. కుడికన్ను సూస్తనే ఉంది గదా అప్పుడు" అన్నాడు తలెత్తకుండానే. "నువ్వు తన్నకపోతే నానే తన్నీసుందును."

నాకు ఏడుపు ఆగలేదు. ఆయన ట్యూబు వదిలేసి, తొట్టెలోంచి తీసిన తడిచేత్తో నా మొహం కడిగాడు.