పోటు తెరిచే తలుపు

జెర్సీ సిటీలో మా పక్క అపార్ట్‌మెంట్ అంకుల్‌కి ప్రతి ఇబ్బంది వెనకా ఒక మనిషి ఉంటాడని నమ్మకం. లిఫ్ట్ ఆగినా, విమానం ఆలస్యమైనా చొక్కా సర్దుకుని, "ఎవరితో మాట్లాడాలో చెప్పమ్మా, నేను మాట్లాడతా" అనేవారు. చాలాసార్లు పని జరిగేది కూడా.

ఆటుపోట్లతో నడిచిన పిండిమరల గురించి లైబ్రరీలో దొరికిందల్లా చదివి, సముద్రపు పాయ ఒడ్డున మిగిలిన ఒకదాన్ని చూడాలని నేనే పట్టుబట్టాను. ఆయన కారులో తీసుకెళ్లారు. పూర్వం పోటు నీరు కట్టలోని తలుపు గుండా చెరువులో నిండేది. ఆటు వేళ ఆ నీటిని వదిలితే చక్రం తిరిగి మొక్కజొన్న పిండయ్యేది. ఇదంతా నేను గొప్పగా చెబుతుంటే, ఫోటో కోసం ఆయన నీళ్లు లేని చెరువులోకి దిగారు. మోకాళ్ల దాకా బురదలో కూరుకుపోయారు.

అప్పుడే కట్టకున్న చెక్క తలుపు కిర్రుమంది. నీళ్లు లోపలికి దూకాయి.

"హలో! ఎవరండీ అక్కడ? గేట్ క్లోజ్ చేయండి!" అని ఆయన పిండిమర వైపు అరిచారు.

"అక్కడెవరూ లేరంకుల్! పోటు తోస్తే అదే తెరుచుకుంటుంది. షూస్ వదిలేసి రండి!"

ఆయన ముఖం పాలిపోయింది. చూస్తుండగానే నీరు నడుము దాకా వచ్చింది. నేను ఒడ్డున బోర్లా పడుకుని చున్నీ విసిరాను. అది చిరుగుతున్న చప్పుడు వినిపిస్తున్నా ఆపకుండా లాగాను.

పైకి వచ్చాక ఆయన వెనక్కి తిరిగి ఆ తలుపునే చూశారు.

"ఎవరైనా తెరిచి ఉంటే ఇంత భయపడేవాణ్ణి కాదమ్మా" అన్నారు.