ఈ లింకు ఎవరి తాలూకండి?

మా ఆఫీసు తాతాజీ గారికి ఒకటే జబ్బు. ఎదురుపడింది ఎవరి తాలూకో తేలేదాకా ఆయనకు అన్నం సయించదు. గోదావరి జిల్లాల్లో ఈ ప్రశ్న అందరూ అడుగుతారు. ఊరు, ఇంటిపేరు, మేనమామ దాకా వెళ్లి ఏదో ఒక చుట్టరికం పట్టుకుని గానీ వదలరు. తాతాజీ గారు మాత్రం మనుషులతో ఆగక మెయిళ్లను కూడా అడిగేవారు.

2007లో నేను భీమవరంలో ఒక రొయ్యల ఎగుమతి కంపెనీలో కాగితాల పని చూసేవాణ్ణి. ఆయన మా కంప్యూటర్లన్నిటికీ పెద్ద. బయటి నుంచి వచ్చే ప్రతి మెయిలూ ముందు ఫిల్టర్‌లోకి వెళ్లేది. మెయిల్లో నొక్కాల్సిన లింకేదైనా ఉండి, దాని మీద అనుమానమొస్తే ఫిల్టర్ ఆపేసేది. ఆపినదాన్ని వదలాలా వద్దా అన్నది తాతాజీ గారి చేతిలో ఉండేది. ఆయన దగ్గర ఒక పొడుగాటి రిజిస్టరు. అందులో తేదీ, లింకు, పంపినవారు, చివర్న 'తాలూకు' అని ఒక గడి.

"ఐస్ ఫ్యాక్టరీ వాళ్లు రేట్ల లింకు పంపారండి, వదలండి" అని కొనుగోళ్లు చూసే మధులత అడిగేది.

"ఐస్ ఫ్యాక్టరీ సరేనమ్మా. పంపినావిడ ఎవరి తాలూకు?"

వెంటనే ఫోన్ చేసేవారు. పది నిమిషాల్లో ఆవిడ పాలకొల్లు ఆడపడుచని, వాళ్ల బాబాయి తాతాజీ గారి తోడల్లుడితో చదువుకున్నాడని తేలేది. అప్పుడు లింకు విడుదలయ్యేది.

నేను చేరిన రోజు నన్నూ అడిగారు. కదిరి అన్నాను. ఆయన మొహం చిన్నబోయింది, కదిరిలో ఆయనకు ఎవరూ లేరు. రిజిస్టరు వెనక పేజీలో స్టాఫ్ పేర్లుండేవి. ఉదయభాస్కర్ అన్న నా పేరు పక్కన తాలూకు గడి ఎనిమిది నెలలు ఖాళీగా ఉండిపోయింది. "మీవాళ్లెవరైనా ఎప్పుడైనా ఇటు పుష్కరాలకొచ్చారేమో గుర్తు తెచ్చుకోండి" అని వారానికోసారి బతిమాలేవారు.

ఇలా ఉండగా ఒక మంగళవారం నేను వెధవపని చేశాను. 'మీ మెయిల్ నిండిపోయింది, ఇక్కడ నొక్కి పాస్‌వర్డ్ ఇవ్వండి' అని ఒక మెయిల్ ఫిల్టర్ కన్నుగప్పి వచ్చింది. నొక్కాను. ఇచ్చాను. ఇచ్చాక గానీ అది దొంగ మెయిలని తెలిసిరాలేదు. పాస్‌వర్డ్ బయటికిచ్చినవాళ్లు ఆ రోజే ఇంటికెళ్లాలని జీఎం గణేష్‌బాబు గారు నెల క్రితమే నోటీసు అంటించారు. మా ఇంట్లో నా ఒక్కడి ఉద్యోగం మీదే నలుగురు బతుకుతున్నారు. ఎవరికీ చెప్పలేదు.

బుధవారం తాతాజీ గారు నలభై మంది చేతా పాస్‌వర్డులు మార్పించారు. ఎందుకండీ అంటే, "రోజూ చొక్కా మార్చుకోవట్లేదాండి?" అన్నారు. అందరూ ఆయన్ని తిట్టుకున్నారు. నేను మాత్రం మనసులో దండం పెట్టుకున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం డెన్మార్క్ నుంచి హెన్రిక్ గారు మెయిల్ పంపారు. మా సరుకు కొనేది ఆయనే. లింకు తెరిచి, పెట్టెల మీద లేబుళ్లకు నాలుగింటిలోగా నేను ఒప్పుకోవాలి. లేకపోతే విశాఖలో మా కంటైనరు ఓడ ఎక్కదు. లింకు ఉండాల్సిన చోట 'ఆపబడినది' అని ఉంది.

పరిగెత్తాను. నాకంటే ముందే జీఎం గారు తాతాజీ గారి కుర్చీ వెనక నిలబడి ఉన్నారు. రెండున్నరైంది. లింకు రావాలి, కానీ ఆగింది నా మంగళవారం పని వల్లయితే అది ఎవరికీ తెలియకూడదు.

తాతాజీ గారు తాపీగా వైరు పీకి పెట్టారు. మిషన్ ఆపి మళ్లీ వేశారు. ఏ రోజూ లేనిది, స్క్రీను దుమ్ము తుడిచారు. తర్వాత డెన్మార్క్‌కి ఫోన్ కలిపారు.

"హెన్రిక్ గారూ, ఈ లింకు మీ సొంతమేనా, ఇంకెవరి తాలూకుదా?"

ఆయన ఇంగ్లీషులో కూడా గారు తీసేవారు కాదు. హెన్రిక్ గారు వాళ్ల తాత చేపల పడవ దాకా చెప్పుకొచ్చారు.

"విన్నారాండి? వాళ్లదీ చేపల వ్యాపారమే. మీరెళ్లి కాఫీ తాగి రండి, ఈలోగా తేల్చేస్తాను" అన్నారు తాతాజీ గారు.

"తాగొచ్చానండి. కానివ్వండి" అన్నారు జీఎం గారు.

మూడుంబావు. జీఎం గారికి ఓపిక పోయింది. "అదే మెయిల్ మధులతకి పంపమనండి" అన్నారు. పంపారు. లింకు చక్కగా వచ్చింది. మళ్లీ నాకు పంపారు. ఆగిపోయింది.

జీఎం గారు నా వైపు తిరిగారు. "అంటే లింకులో ఏం లేదు. నీ దగ్గరే ఏదో ఉంది. ఏం చేశావయ్యా?"



"ఆయనేం చేస్తాడండి? నాదే పొరపాటు. ఉద్యోగం మానేసినవాళ్ల పేర్లు ఆపుతూ, పరధ్యానంలో ఈయన పేరు కూడా కలిపేశాను" అన్నారు తాతాజీ గారు.

జీఎం గారు ఆయన్ని అందరి ముందూ దులిపేశారు. ఆదివారం ఆఫీసుకొచ్చి రూల్సన్నీ మొదటి నుంచి సరిచూడమన్నారు. ఆ ఆదివారం రావులపాలెంలో తాతాజీ గారి తోడల్లుడి అన్నగారి మనవరాలి పెళ్లి. తాలూకులు దొరికే చోటు పెళ్లే కాబట్టి ఆయన ఒక్క పెళ్లి కూడా వదలరు. మధులత కంప్యూటర్లో నేను లేబుళ్లకు ఒప్పుకునేసరికి మూడూ నలభై.

సాయంత్రం ఆయన గదికి వెళితే మనిషి లేరు. రిజిస్టరు తెరిచి ఉంది. మంగళవారం కింద ఇలా రాసుంది: 'ఉదయభాస్కర్ పాస్‌వర్డుతో బయటివాళ్లెవరో లోపలికొచ్చారు. గెంటేశాను. ఈయనకొచ్చే లింకులు పది రోజులు ఆపాలి. కుర్రాడు ఇప్పటికే హడలిపోయున్నాడు, అడగకూడదు.'

నలభై మంది చేత పాస్‌వర్డులు ఎందుకు మార్పించారో, మధ్యాహ్నం అంతసేపు దుమ్ము దేనికి తుడిచారో అప్పుడు తెలిసింది. జీఎం గారు పక్కకెళితే, నా పేరున్న రూలు ఆయన కంటపడకుండా తీసేద్దామని చూశారు. నాకు సిగ్గేసింది.

"చూసేశారా?" అంటూ తాతాజీ గారు వచ్చారు.

"జీఎం గారికి నేనే చెప్పేస్తాను సార్. మీరు నా కోసం మాటపడటం ఏంటి?"

"చెప్తే మిమ్మల్ని పంపించి ఇంకొకర్ని తెస్తారండి. ఆయనెవరి తాలూకో మళ్లీ మొదటి నుంచి కనుక్కోవాలి. ఎనిమిది నెలలైనా మీదే తేలలేదు." చేతిలో ఉన్న చీర పెట్టె నాకిచ్చారు. "నా బదులు మీరు పెళ్లికెళ్లండి. భోజనాల దగ్గర మొహమాటపడకండి."

ఆదివారం రావులపాలెం పందిట్లో అడుగుపెట్టగానే ఒక పెద్దాయన చెయ్యి పట్టుకున్నారు. "బాబూ, తమరెవరి తాలూకండి?"

"భీమవరం తాతాజీ గారి తాలూకండి" అన్నాను. తీసుకెళ్లి ముందు పంక్తిలో కూర్చోబెట్టారు.

సోమవారం పొద్దున్నే తాతాజీ గారు రిజిస్టరు పట్టుకుని వచ్చారు. నా పేరు పక్కన గడి నిండి ఉంది. "అది సరే గానీ, పంక్తిలో మీ పక్కన కూర్చున్నదెవరండి?" అన్నారు.

చెప్పాను. ఊరు, ఇంటిపేరు, మేనమామతో సహా.