మూడు నెలల చక్కెర

పదో తరగతితో నా చదువు ఆగిపోయింది. జీవక్రియ అనే మాట సంగారెడ్డి గ్రంథాలయంలో నేర్చుకున్నాను. ప్రతి ఆదివారం అక్కడే కూర్చునేదాన్ని. తిన్న అన్నాన్ని ఒళ్లు శక్తిగా ఎలా మార్చుకుంటుంది, ఆ పని గతి తప్పితే మనిషి ఎందుకు ముందే ముసలివాడవుతాడు, తిండి తగ్గించిన ఎలుకలు తోటివాటికంటే ఎందుకు ఎక్కువ కాలం బతికాయి, అన్నీ నోటుబుక్కులో రాసుకున్నాను. ఎవరి సాయం లేకుండా నేర్చుకున్నానని గర్వం ఉండేది. ఇప్పటికీ ఉంది.

గుమ్మడిదల దగ్గర మందుల కంపెనీలో నేను ప్యాకింగ్‌లో పనిచేస్తాను. మా అక్క భర్త అదే కంపెనీలో బాయిలర్ నడిపేవాడు. తాను ఆవిరి ఆపితే కంపెనీ మొత్తం ఆగుతుందని ఛాతీ విరుచుకుని చెప్పేవాడు. వారానికో షిఫ్టు మారేది. రాత్రి డ్యూటీలో బిర్యానీ, తెల్లవారాక టీలో బన్ను, పగలంతా నిద్ర. యాభై నిండకముందే ముసలి మొహం వచ్చింది. షుగర్ కూడా వచ్చింది.

ఒంటికీ ఒక వేళ ఉంటుందని, నిద్రపోవాల్సిన గంటలో తింటే చక్కెర రక్తంలోనే నిలిచిపోతుందని, ఎలుకల సంగతితో కలిపి, క్యాంటీన్‌లో బావకు చెప్పబోయాను.

"ఏంది మరదలా, నీ ఎలుకలు నైట్ షిఫ్ట్ జేసినయా?" అని బావ డబ్బా మూత తీశాడు. "ఓవర్‌టైమ్ ఇచ్చిన్రా వాటికి?"

టేబుల్ మొత్తం నవ్వింది. ఆ తర్వాత నేను ఎటు పోయినా ఎలుకల మేడమే.

మా కంపెనీలో ఏటా మెడికల్ పరీక్ష ఉంటుంది. దానికి రెండు రోజుల ముందు నుంచి షుగర్ ఉన్నవాళ్లంతా అన్నం మానేసి కీరదోసకాయలు, మజ్జిగతో గడుపుతారు. పరగడుపున తీసిన రక్తంలో అంకె దిగుతుంది, ఫిట్ అని సంతకం పడుతుంది. మధ్యాహ్నానికల్లా గేటు బయట మిర్చి బజ్జీల బండి ఖాళీ అవుతుంది. ఈ ఉపవాసంలో బావ అందరికీ గురువు. ఎవరు ఎన్ని పూటలు మానాలో ఆయనే చెప్పేవాడు.

పోయిన ఏడాది కొత్త డాక్టరమ్మ వచ్చింది. నా వంతు రాగానే కాగితాలు తిరగేస్తూ, "ఇక్కడ అందరికీ షుగర్ బాగానే అదుపులో ఉందే" అంది. ఊరుకోలేకపోయాను.

"పరగడుపు పరీక్ష నిన్న, మొన్నటి సంగతే చెప్తది మేడం. ఎర్ర రక్తకణాలకు అంటుకున్న చక్కెర చూస్తే మూడు నెలలది బయటపడ్తది."

ఆమె తలెత్తింది. "మీరేం చదువుకున్నారు?"

నా జన్మలో ఆ ప్రశ్న నన్ను ఎవరూ అంత మర్యాదగా అడగలేదు. గ్రంథాలయం గురించి చెప్పాను. అక్కడితో ఆగి ఉండాల్సింది. నాకెంత తెలుసో ఇంకా చూపించాలని కీరదోసకాయల సంగతి కూడా చెప్పేశాను. వెనక వరుసలో నిలబడ్డవాళ్లు వింటూనే ఉన్నారు.

మర్నాడు బాయిలర్, క్రేన్ లాంటి ప్రమాదమైన పనుల్లో ఉన్నవాళ్లకు మళ్లీ రక్తం తీశారు. వారంలో రిపోర్టులు వచ్చాయి, బావ మూడు నెలల చక్కెర బయటపడింది. బావను బాయిలర్ మీద నుంచి దింపి ఆఫీసు ముందు తోటపనికి వేశారు.

ఆ సాయంత్రం అక్క ఇంటికి వెళ్లాను.

"రా, డాక్టరమ్మా," అన్నాడు బావ కుర్చీలోంచి లేవకుండా. "నా నోట్ల మన్ను కొట్టి, ఇగ సూడనీకి వచ్చినవా?"

"నీ పేరు నేను చెప్పలే బావా."

"పేరు చెప్పాల్నా? బాయిలర్ మీద షుగర్ ఉన్నోన్ని నేనొక్కన్నే గదా!"

"ఆడ కండ్లు తిరిగి పడితే ఏమైతుండె?"

"పదహారేండ్లల ఒక్కపారన్న పడ్డనా? జెర చెప్పు."

అక్క వంటింట్లోంచే అంది: "దానికి తెలుసని పదిమందికి తెలవాలె. ఎవలేమైతే దానికేంది?"

అది నిజం కాబట్టే ఒళ్లు మండింది. ఆయన ప్రాణం కాపాడాలని నేను నోరు తెరవలేదు. డాక్టరమ్మ నన్ను మెచ్చుకోవాలని తెరిచాను. ఆ మాట ఒప్పుకోకుండా, "ఇగ రాత్రి డ్యూటీ లేదు. టైముకు తింటవ్, టైముకు పంటవ్. ఎక్కువ రోజులు బతుకుతవ్" అన్నాను.

"బతికి? గడ్డికి నీళ్లు పట్టుకుంట బతకాల్నా?"

ఎలుకలను ఎవరూ ఈ ప్రశ్న అడిగి ఉండరు. చెప్పులు వేసుకుని వచ్చేశాను.

మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేశారు. షుగర్ చాలా దిగిందని తోట సూపర్‌వైజర్ చెప్పాడు. అక్క చెప్పలేదు. బావ మొహంలో కళ వచ్చింది, నడకలో ఆయాసం పోయింది. అయినా బాయిలర్‌కు తిరిగి పంపలేదు. అక్కడ కొత్తవాడిని పెట్టేశారు. రోజూ పొద్దున నేను గేటు దాటేటప్పుడు ఆయన పైపు పట్టుకుని అటు తిరుగుతాడు, నాకు వినబడేలా ఉమ్ముతాడు. క్షమించమని నేను అడగను, అడిగినా ఆయన క్షమించడు. ఇట్లాగే వేళకు తింటే చాలా ఏళ్లు బతుకుతాడు. అన్నేళ్లూ నన్ను తిడుతూనే బతుకుతాడు. తిట్టనీ.