బుగ్గమ్మ అమ్మనన్న అవిసెలు

చిక్కడపల్లి లైబ్రరీ పక్క సందులో గింజలమ్మే బుగ్గమ్మతో బేరమాడే ధైర్యం ఎవరికీ లేదు. అవిసెలు, నువ్వులు, గుమ్మడి గింజలు అమ్ముతుంది, తిట్లు ఉచితం. అవిసెలు అలాగే మింగేవాళ్లంటే ఆమెకు మహా మంట.

"నమలకుండ మింగితే పోయినట్టె బయటికొస్తయి. దోరగ ఏంచి పొడి కొట్టుకో" అని మనం సందు మలుపు తిరిగేదాకా అరుస్తుంది. పదకొండేళ్లలో నాకు ఒక్క గింజ కొసరు వేసిన పాపాన పోలేదు. అయినా ఆమె దగ్గరే కొంటాను. ఆ నోరంటే నాకు ఇష్టం.

మొన్నటి చలికాలంలో నాకు విరేచనంలో రక్తం కనబడింది. లెక్కల టీచరుగా రిటైరైనవాణ్ని, అరవై రెండేళ్లవాణ్ని, నా భార్య మనోరమకు కూడా చెప్పలేదు. సిగ్గు, అంతకు మించి భయం. పేగు క్యాన్సర్ రాకుండా గింజలు కొంత కాపాడతాయని ఎక్కడో చదివాను. ఇక రోజూ చెంచాకు బదులు మూడు చెంచాల అవిసె పొడి.

ఆ నెలలో మూడోసారి వెళ్లేసరికి బుగ్గమ్మ తక్కెడ కింద పెట్టేసింది.

"ఏంది సారు, ఇంతింత ఎవరు తింటున్నరు?"

"నేనే. ఒంటికి మంచిదని."

"నా మొకం జూసి చెప్పు. రక్తం పడుతున్నదా?"

పక్కనున్న ఆడవాళ్లు తిరిగి చూశారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మెల్లగా తలూపాను.

"అయితే నీకు అవిసెలు అమ్మను." గంప మీద గుడ్డ కప్పేసి గొంతు తగ్గించింది. "మా ఆయన మాసయ్యకు గిట్లనే అయింది. దవాఖానకు పొమ్మని నేను గట్టిగ అనలే. ఆర్నెల్లు ఈ పొడే పెట్టిన. ఆఖరికి తీస్కపోతే, ఆలస్యమైందన్నరు. గింజలు మంచివే సారు, రోగం రాకముందు. వచ్చినంక డాక్టరే. జర తొందరగ పో."

నాకు ఒళ్లు మండింది. నారాయణగూడలో ఇంకో దుకాణం మెట్లెక్కాను కూడా. కానీ మాసయ్య పేరు చెబుతూ ఆమె ఆ గుడ్డ అంచును నలిపిన తీరు మనసులోంచి పోలేదు. ఏమీ కొనకుండా ఇంటికొచ్చి మనోరమకు అంతా చెప్పేశాను.

పరీక్షలో పేగులో చిన్న బుడిపె బయటపడింది. తీసేశారు. ఇంకా క్యాన్సర్ కాలేదు, వదిలేస్తే అయ్యేదేమో అన్నారు డాక్టరు. అవిసెలు మానక్కర్లేదట, చెంచా చాలట.

ఆ మాట చెప్పడానికి వెళితే బుగ్గమ్మ మళ్లీ తక్కెడ అందుకుంది. పావుకిలో తూచింది. తర్వాత గుప్పెడు గింజలు తీసి నా సంచిలో వేసింది.

"కొసరా! నాకా?"

"మా ఆయనకు చెప్పలేకపోయిన మాట" అంది కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, "నువ్వన్న విన్నవు సారు."