తెల్లరంగు ఎక్కువైన కద్మా బంగళా

ఆ రోజుల్లో మా జంషెడ్‌పూర్‌లో ఎవరైనా కొత్తగా పరిచయమైతే పేరు తర్వాత అడిగేవారు, ముందు "క్వార్టర్ ఎక్కడ?" అని అడిగేవారు. కంపెనీ ఇచ్చిన ఇంటిని బట్టి తండ్రి హోదా, హోదాని బట్టి పిల్లల తెలివి, ఆ తెలివిని బట్టి ఇంటికొచ్చినవాళ్లకి పెట్టే బిస్కెట్ల రకం తేలిపోయేవి. మేము బారిడీహ్‌లో రెండు గదుల క్వార్టర్లో ఉండేవాళ్లం. ఒక గది అమ్మానాన్నలది. రెండో గదిలో నానమ్మ మంచం, బియ్యం డబ్బా, టీవీ, నేను, ఆ మధ్యనే వచ్చిన కంప్యూటరు సర్దుకుని బతికేవాళ్లం. ఇంటర్ చదువుతూ, ఎంట్రన్సు పరీక్షల సీడీలు చూసుకుంటానని చెప్పి ఆ కంప్యూటరు కొనిపించుకున్నాను. (సీడీలు చూశాను కూడా. వెనకవైపు ముఖం చక్కగా కనబడేది.) నాన్నకి ప్రమోషన్ వచ్చింది కాబట్టి కద్మాలో మూడు గదుల క్వార్టరుకి మాకు అర్హత వచ్చింది. ఆ మూడో గది నాది. తలుపున్న గది, నేను వేసుకుంటే మూసుకునే తలుపు. ఆ వయసులో నాకు దేవుడి మీద కంటే ఆ తలుపు మీదే ఎక్కువ భక్తి ఉండేది.

కాకపోతే అర్హత రావడం వేరు, ఇల్లు రావడం వేరు. ఎవరికి ఏ క్వార్టర్ ఇవ్వాలో తేల్చే పెద్దాయన మన తెలుగాయనే. మేమంతా ఆయన్ని అలాట్‌మెంట్ బాబాయిగారు అనేవాళ్లం (ఎదురుగా ఉంటే ఉత్త బాబాయిగారే). కద్మాలో బంగళా, చుట్టూ ప్రహరీ, గేటు దగ్గర కుక్క కంటే ముందు మొరిగే తోటమాలి. ఆయన ఏకైక పుత్రుడు చింటూ. తండ్రి తెలుగులో అడిగితే హిందీలో జవాబిచ్చేవాడు, తల్లి అడిగితే అదీ ఇచ్చేవాడు కాదు.

ఈ చింటూకి యుద్ధట్యాంకుల ఆటొకటి పిచ్చి. రెండు జట్లు ట్యాంకులేసుకుని ఊరి మీద పడి, చౌకీలన్నీ, అంటే కాపలా చోట్లన్నీ, ఎవరు ముందు పట్టుకుంటే వాళ్లు గెలిచినట్టు. ఆ ఆటలో వచ్చే ఊళ్లు చూస్తే నాకు ఏడుపొచ్చేది. ఎడారి, లేకపోతే మంచు, అదీ కాకపోతే మంచు కరిగిన ఎడారి. ఒకరోజు మా కంప్యూటర్లోనూ ఎక్కించుకున్న ఆ ఆట తాలూకు ఫైళ్లు కెలుకుతుంటే తెలిసింది, ఆ ఊరంతా నిజానికి ఒక నలుపు తెలుపు బొమ్మ. నలుపుంటే పల్లం, తెలుపుంటే ఎత్తు, మధ్యలో బూడిదరంగులన్నీ మధ్యరకం నేలలు. దాన్ని ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి బ్రష్షుతో నల్లగీత లాగితే నది, తెల్లచుక్క పెడితే కొండ. అంచుల్ని కాస్త మసకపరిస్తే చక్కటి వాలు. ఫొటోల్లో పెళ్లికొడుకుల మొటిమలు తుడవడానికి పుట్టిన సాఫ్ట్‌వేర్‌తో నేను కొండలు మొలిపించడం మొదలుపెట్టాను. నా పేరు కద్మా దాకా పాకింది.

ఒక సాయంత్రం నాన్న బూట్లైనా విప్పకుండా వచ్చి నా పక్కన నిలబడ్డారు. "అమ్ములూ, బాబాయిగారు కబురెట్టేరు. చింటూ పుట్టినరోజుకి కద్మా కుర్రాళ్లకీ గోవింద్‌పూర్ కుర్రాళ్లకీ ఆ ట్యాంకుల పోటీయట. అందులోకి మన ఊరే గీసిమ్మంటన్నారు. చదువు తర్వాత చూసుకుందువుగాని, ముందు దీని సంగతి చూడు" అన్నారు. చదువు తర్వాత అన్న మాట నాన్న నోట వినడం నాకదే మొదలు, అదే ఆఖరు.

కావాలని చేశానని అనుకోకండి. ఊరు గీస్తుంటే చెయ్యి దానంతటదే పోయింది. ఆఫీసర్ల బంగళాలున్న చోట తెల్లబూడిద, మధ్యరకం క్వార్టర్ల దగ్గర బూడిద, మా బారిడీహ్ దగ్గర ముదురు బూడిద, ట్రక్కుల ఫ్యాక్టరీ అవతల గోవింద్‌పూర్ వచ్చేసరికి దాదాపు బొగ్గు. నేల ఎత్తుపల్లాలు ఎవరినీ అడగలేదు. పుట్టినప్పటినుంచీ ఊరు అలాగే ఉంటుందని విన్నదాన్ని, విన్నట్టే గీశాను.

పటం చూడ్డానికి బాబాయిగారు స్వయంగా మా ఇంటికి వచ్చారు. అమ్మ పెళ్లిళ్లకి తీసే పళ్లాల్లో పకోడీలు పెట్టింది. ఆయన నానమ్మ మంచం మీదే కూర్చుని తెరకేసి వంగారు.

"మా బంగళా ఏదమ్మా?"

చూపించాను.

"మాసినట్టుందేటి? మొన్ననే సున్నం కొట్టించేం."

"తెలుపు పెంచితే ఎత్తు పెరిగిపోతుందండీ బాబాయిగారూ."

"పెరిగితే మంచిదే కదా."

పెంచాను. ఆయన ఇంకా పెంచమన్నారు. తెలుపనేది ఇక మిగలనంత తెలుపయ్యాక తృప్తిగా తలూపి, "చుట్టూ ఈ మసకేటి? ప్రహరీగోడ గీసినట్టుండాల" అన్నారు. ఆ మసకే వాలండీ, అది తీసేస్తే ట్యాంకులు దిగలేవండీ, అని చెప్పబోయాను. గుమ్మంలోంచి నాన్న దగ్గారు. (మా ఇంట్లో ముఖ్యమైన నిర్ణయాలన్నీ దగ్గులోనే వెలువడేవి.) మసక తుడిచేశాను. పకోడీ నములుతున్న నానమ్మ తెరకేసి కళ్లు చికిలించి, "అంతెత్తు మీద ఇల్లయితే పాలోడు ఎలా వత్తాడ్రా నాయనా?" అంది. పెద్దావిడ మాటని అందరూ నవ్వేసి ఊరుకున్నాం.

ఒకసారి ఆడి చూడాల్సింది కదా అని మీరనవచ్చు. చూశాను, పైనుంచి. పైనుంచి చాలా అందంగా ఉంది. ఊళ్లకి ప్లాన్లు గీసే పెద్దలు కూడా అంతవరకే చూస్తారని తర్వాత తెలిసి నా మీద నాకు గౌరవం పెరిగింది.

పుట్టినరోజు మధ్యాహ్నం ఎవరి కంప్యూటర్లు వాళ్లు దుప్పట్లలో చుట్టి, ఒళ్లో పెట్టుకుని ఆటోల్లో తెచ్చారు, పసిపిల్లలకి టీకాలేయించడానికి తెచ్చినట్టు. బాబాయిగారి హాల్లో వైర్లు కలిపారు. ఆట మొదలవగానే కద్మా జట్టు ట్యాంకులన్నీ బంగళా శిఖరం మీద తళతళలాడుతూ నిలబడ్డాయి. చుట్టాలంతా చప్పట్లు కొట్టారు. గోవింద్‌పూర్ జట్టు నాయకుణ్ణి అందరూ లంబూ అనేవారు. వాడు తన తెర చూసుకుని, "హమే తో గడ్ఢే మే డాల్ దియా" అని గొణిగాడు. మమ్మల్ని గోతిలో పడేశారని వాడి బాధ. నాకు జాలేసింది గాని, మూడో గది గుర్తొచ్చి తగ్గిపోయింది.

చింటూ దర్జాగా ముందుకు నడిపాడు. అంచు వచ్చింది. వెనక్కి తిప్పి ఇంకోవైపు వెళ్లాడు. అక్కడా అంచే. వాడి స్నేహితుడొకడు ధైర్యం చేసి దూకించాడు, ట్యాంకు కిందపడి అప్పడంలా ముక్కలైంది. ఫిరంగులు కిందికి వంగవు కాబట్టి పేల్చిన గుండ్లన్నీ ఎటో నది అవతలికి పోయాయి.

"ఏట్రా, కదలవేటి?" అన్నారు బాబాయిగారు.

"పాపా, నీచే జానే కా రాస్తా హీ నహీ హై."

"దారి లేకపోడమేటి, సరిగ్గా చూడు."

"నహీ హై, పాపా."

ఈలోగా లంబూ జట్టు ఖాళీ రోడ్ల మీద షికారు చేసినట్టు తిరిగి బజారు, స్టేషను, వంతెన, ఒక్కో చౌకీ పట్టేసుకుంది. అంతా అయ్యాక వాళ్లు కొండ కిందకి వచ్చి వరసగా నిలబడ్డారు. లంబూ వెనక్కి తిరిగి, "అంకుల్, ఆప్ లోగ్ భీ నీచే ఆఇయే నా" అని ఎంతో మర్యాదగా కిందికి ఆహ్వానించాడు.

నాన్న పళ్లెంలో సమోసాని అప్పుడే పరిచయమైనట్టు చూస్తున్నారు. నా మూడో గది తలుపు నా కళ్లముందే మూసుకుపోయింది, నన్ను బయటే ఉంచి. బాబాయిగారు చాలాసేపు తెర చూసి నాకేసి తిరిగారు.

"అమ్మాయ్, ఊరంతటికీ ఎత్తైంది మన బంగళాయేనా?"

"అవునండీ."

"ప్లాంటు చిమ్నీ కన్నానా?"

"కొంచెం ఎక్కువేనండీ."

"అయితే ఓ ప్రింటు తీసివ్వు" అన్నారు, పట్టలేని ఆనందంతో. ఓడిపోయిన చింటూ తన గదిలోకి వెళ్లి ధడాలున తలుపేసుకున్నాడు. అంత దుఃఖంలో కూడా నేను ఆ తలుపుకేసే చూశాను.

క్వార్టర్ వచ్చింది. కద్మాలోనే, మూడు గదులే. బాబాయిగారు నాన్న భుజం తట్టి, "మీ అమ్మాయికి ఎత్తంటే సరదా కదా, ఏరి మరీ పైఅంతస్తు ఇప్పించేను" అన్నారట. లిఫ్టు లేదు. నీళ్లు పైదాకా ఎక్కాలంటే వాటికి బుద్ధి పుట్టాలి. ప్రతి ఉదయం మెట్ల మీద బకెట్లు మోస్తూ, వాలు లేని ఎత్తు ఎంత పాపమో కాళ్లతో నేర్చుకున్నాను. పాలవాడు ఒక్కరోజు ఎక్కి, మర్నాటినుంచి కిందే నిలబడి కేకేసేవాడు. అమ్మ తాడు కట్టిన బుట్ట దించేది. ఆ బుట్ట దిగినప్పుడల్లా నానమ్మ నాకేసి చూసేది.

నా గదికి మాత్రం తలుపుంది. వేసుకుని కూర్చుంటే నానమ్మ దగ్గు వినబడక బెంగగా ఉండేది, అందుకని తీసే ఉంచేదాన్ని. కిటికీలోంచి మొట్టమొదటిసారి ఊరంతా చూశాను. చెట్లలో కలిసిపోయిన బంగళాలు, అటు దూరంగా పొగలో బారిడీహ్, దాని అవతల గోవింద్‌పూర్ దిక్కు, అన్నీ ఒకే నేల మీద ఉన్నాయి. చిమ్నీలూ, ఎక్కడో దల్మా కొండా తప్ప ఎవరూ ఎవరికన్నా ఎత్తుగా లేరు. నేను గీసిన ఊరు ఎంత వెతికినా కనబడలేదు.

ఇప్పుడు నేను ఇళ్లు కట్టేవాళ్లకి పటాలు గీసే ఉద్యోగమే చేస్తున్నాను. ఏది గీసినా చివర్లో నేల మీద నిలబడి, పాలవాడు ఎటునుంచి వస్తాడో చూసుకుంటాను. ఆఫీసులో కుర్రాళ్లు ఇది ఏదో గొప్ప విద్యనుకుంటారు. అయితే మా ఆఫీసు పెద్దాయన ఇల్లు గీయాల్సి వచ్చిన రోజున మాత్రం చెయ్యి దానంతటదే కాస్త తెలుపు వైపుకి పోతుంది. తలుపు కోసం ఊరినే వంకర చేసిన ఆ బారిడీహ్ పిల్లని తలుచుకుని నవ్వొస్తుంది. నవ్వుకుంటూనే, ఇంకొంచెం తెలుపు కలుపుతాను.